నేలకు దించిన తరిమెన

కర్ర తిరుగుతున్నప్పుడు తిరుగుతున్నట్టు కనిపించదు. ఈ పనిలో నా కళ్ళు మొదట నేర్చుకున్నది అదే. పలకలుగా కోసిన టేకు ముక్కను తరిమెన అనే లేత్ మీద రెండు మొనల మధ్య బిగించి మోటారు వేస్తే మూలలన్నీ కరిగిపోయి పొగలాంటి ఒక నీడ మిగులుతుంది. ఆ నీడ లోపలెక్కడో అసలు కర్ర నిశ్చలంగా నిలబడి ఉంటుంది. ఉలి పట్టుకుని నీడలోంచి మెల్లగా దాని దగ్గరికి వెళ్ళాలి. తొందరపడితే తోసేస్తుంది. భయపడితే వణికిస్తుంది. సరిగ్గా వెళ్తే చెక్క పట్టుదారంలా లేచి భుజం మీదుగా వెనక్కి పోతూ ఉంటుంది. మనిషి అక్కడే నిలబడి ఎక్కడికో వెళ్ళిపోతాడు.

పని మానేసి కొన్నేళ్ళయింది. ఇప్పటికీ ఎల్బీ నగర్‌లో మెట్రో రైలు స్టేషన్‌లోకి జారుకుంటూ వచ్చేటప్పుడు ఆ సన్నటి కూత విని రోడ్డు మీద ఆగిపోతాను. వెనక బండివాడు హారన్ కొడతాడు. పదునైన ఉలి టేకు మీద ఆడినప్పుడు అదే కూత వస్తుందని వాడికేం తెలుసు?

ఇది రాయడానికి మొదటి కారణం కోపం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద ఫర్నిచర్ షాపులో పాత గోరు ఉలులను బాగా తోమి, వార్నిష్ కొట్టి, అలంకారానికి గోడకు తగిలించారు. అంచులకు కూడా వార్నిషే! వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఇంకోపక్క, పని నేర్చుకుందామని వచ్చే పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి మెరిసే కొత్త ఉలుల సెట్టు తెప్పించుకుంటారు. మొదటిరోజు కర్ర ఎగిరి గోడకు కొట్టుకోగానే సెట్టు మంచం కిందికి పోతుంది. అన్నిటికన్నా మండేది మా తరం పెద్దమనుషుల మాట. ఎవరైనా ఏదైనా అడిగితే "చేస్తూ ఉంటే అదే వస్తుందిలే" అంటారు. రాదు. నాకు రాలేదు. ఎవరూ చెప్పనందుకు ఎన్నో మంచి కర్రలు పొయ్యిలోకి పోయాయి. అందుకే నాకు తెలిసినది విప్పి చెబుతున్నాను.

గోరు ఉలి తెలియనివాళ్ళకు ఒక మాట. మామూలు ఉలి చదునుగా ఉంటుంది. గోరు ఉలి పొడవునా బోలుగా, వేలి గోరులా వంపు తిరిగి ఉంటుంది. మంచం కాళ్ళు, చపాతీ కర్రలు, ఊయల స్తంభాలు, మెట్ల రెయిలింగు కడ్డీలు, గుండ్రంగా తిరిగేది ఏదైనా దీనితోనే మొదలవుతుంది.

చాచా కూర్చున్న చోటు

మాది నల్గొండ వైపు పల్లె. మా ఇంట్లో ఎవరికీ ఈ పని లేదు, బడి చదువూ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి మలక్‌పేట దాకా నడుస్తూ దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మలక్‌పేటలో హమీద్ చాచా దుకాణంలో చెక్క పొట్టు ఊడ్చే పని దొరికింది. దాన్నక్కడ ఖరాదు దుకాణమనేవారు. తరిమెనకు ఉర్దూ పేరు అది.

చాచా నేల మీద కూర్చుని పని చేసేవాడు. అడుగున గోనెసంచి, వీపుకు గోడ, ముందర జానెడెత్తు తరిమెన. కుడిచేత్తో విల్లు లాంటి కర్రను ముందుకీ వెనక్కీ లాగితే దాని తాడు చుట్టుకున్న చెక్క తిరిగేది. ఎడమచేతిలో గోరు ఉలి. అది కదలకుండా ఎడమకాలి బొటనవేలితో అదిమిపెట్టేవాడు. చూస్తూ ఉంటే మనిషి ఎక్కడ అయిపోయి తరిమెన ఎక్కడ మొదలయిందో తెలిసేది కాదు. రేకు కప్పులో మేకుల బెజ్జాలుండేవి. వాటిలోంచి ఎండ దారాలుగా దిగి, పైకి లేచిన చెక్క దుమ్ములో అలా నిలబడిపోయేది.

కొంతకాలానికి చాచా మోటారు తరిమెన ఒకటి కొని ఎత్తు బల్ల మీద బిగించాడు. తాను మాత్రం దాన్ని ముట్టలేదు.

"నీకు జవానీ ఉంది. నువ్వు నిలబడు," అని తన పాత ఉలులు కొన్ని నా చేతిలో పెట్టాడు.

నిలబడ్డాను. ఉలి ఆనించగానే ధన్‌మని పట్టేసింది. కర్ర మొనల మధ్యనుంచి ఊడి ఎగిరి షట్టరుకు తగిలింది. చాచా తలెత్తలేదు.

"షట్టర్‌కు సలాం కొట్టినవా?" అన్నాడు.

"చాచా, ఏం తప్పు చేస్తున్న జర చెప్పున్రి."

"నన్నెందుకడుగుతవ్? ఔజార్‌ను అడుగు."

"పనిముట్టు ఏం జెప్తది చాచా?"

"నీకు చెవులున్నయి కద బేటా!"

అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. ఒక్క మాట చెబితే పోయేదానికి ఆ పెద్దమనిషి నన్ను ఆ షట్టరు ముందు అలా వదిలేశాడు. ఆయన మంచివాడే. నాకు జ్వరమొస్తే ఇంటినుంచి జావ తెచ్చి తాగించాడు. కానీ మంచితనం వేరు, నేర్పడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని శిష్యులు చాలా కాలం పోగొట్టుకుంటారు.

ఒక శుక్రవారం చాచా నమాజుకు వెళ్ళాడు. ఎందుకో ఆయన గోనెసంచి మీద కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను. వీపు గోడకు ఆనించాను. అక్కడ సున్నం అరిగి, ఎన్నో ఏళ్ళు ఒక మనిషి ఆనిన గుంట ఉంది. అందులో నా వీపు పూర్తిగా నిండలేదు. నాకిచ్చిన ఉలుల్లోంచే ఒకదాన్ని తీసి, చాచాలాగే బొటనవేలితో అదిమి, విల్లు లాగాను.

ఉలి పట్టేయలేదు. చెక్క లేచింది. పాల మీదినుంచి మీగడ తీసినట్టు, శబ్దం కూడా లేకుండా లేచింది. అప్పుడు ఉలిని ఎండ దారంలోకి ఎత్తి చూశాను. దాని అంచు తిన్నగా లేదు. ఎడమపక్క బాగా వెనక్కి వాలి ఉంది. ఆ రోజుదాకా ఉలి అరిగిపోయిందనుకుంటూ ఉన్నాను. అరగలేదు. అలా నూరారు. కింద కూర్చుని, పిడి నేలకు దగ్గరగా ఉంచి, ఎడమనుంచి పట్టే మనిషి కోసం నూరారు. నిలబడి పైనుంచి పట్టేసరికి దాని వెనక మూల ముందుగా కర్రకు తగిలి కొరికేస్తోంది.

చాచా గడపలో నిలబడి ఉన్నాడు. నెత్తి మీద టోపీ ఇంకా తీయలేదు.

"కూసున్నవా?"

"కూసున్న చాచా."

"తెల్సిందా?"

"గీ అంచు మీ కూసునుడుకు నూరిన్రు. నేను నిలబడ్త."

"మరి ఇగ లే. నీ కాళ్ళకు తగ్గట్టు నువ్వు నూరుకో."

లేచాను. ఆ రోజునుంచి ఉలులన్నీ నా ఎత్తుకు, నా మోచేతికి, నేను నిలబడే తీరుకు నూరుకున్నాను. పని మానేసేదాకా నిలబడే చేశాను.

నూరడం

పాత ఉలి కొనేవాళ్ళు తుప్పు చూసి భయపడతారు. తుప్పు పైపైనే ఉంటే ఫరవాలేదు. అంచు దగ్గర, లోపలి బోలులో గుంటలు పడితే మాత్రం వదిలేయండి. ఎంత నూరినా అంచులో ఆ గుంట దగ్గర పన్ను ఊడినట్టు సందు వస్తుంది.

అసలు నాశనం గ్రైండరుతో జరుగుతుంది. జోరుగా తిరిగే చక్రానికి ఉలిని అదిమితే రవ్వలు బాగా వస్తాయి, చూడ్డానికి దీపావళిలా ఉంటుంది. కాసేపటికి అంచు మీద నెమలికంఠం రంగు తేలుతుంది. కొత్తవాళ్ళు దాన్ని చూసి మురిసిపోతారు. పాత ఉక్కు అలా నీలం తిరిగితే అందులో గట్టిదనం పోయినట్టే. ఎంత పదును పెట్టినా నాలుగు గీతలకే మొద్దుబారుతుంది. నీలం ఉన్నంతమేరా మళ్ళీ అరగదీసి పారేయాల్సిందే. అందుకని మెల్లగా తిరిగే చక్రం మంచిది. పక్కన నీళ్ళ డబ్బా ఉండాలి. ఉలి వేలికి వెచ్చగా తగిలిందంటే ముంచండి. చురుక్కుమనే దాకా ఆగకండి.

చక్రం మీద ఉలిని ఒకేచోట పెట్టి నొక్కకూడదు. అంచు వెనక వాలుగా నూరిన భాగం చక్రానికి ఆనాలి, పిడిని ఈ పక్కనుంచి ఆ పక్కకు దొర్లిస్తూ రావాలి. పసిపాపను ఒడిలో ఊపినంత తేలిక చాలు. తర్వాత నూనె రాయి మీద అదే దొర్లింపు. లోపలి బోలులోకి గుండ్రటి అంచున్న చిన్న సాన రాయి పెట్టి తుడవాలి. అంచు మీద వేలికి గీరుకునే సన్నటి పొర ఒకటి లేస్తుంది. అది పోయేదాకా పని పూర్తి కాలేదు. పదును చూడటానికి వేలు కోసుకోకండి. కర్రే చెబుతుంది. దుమ్ము రాలితే మొద్దు, పొడవాటి పొట్టు లేస్తే పదును.

ఇక కోత. ముందు అంచు పెట్టకండి. నూరిన వాలు వీపు భాగాన్ని తిరిగే కర్ర మీద ఆనించండి. ఊరికే రాసుకుంటూ ఉంటుంది, ఏమీ కోయదు. అప్పుడు పిడిని కొంచెం కొంచెంగా పైకెత్తండి. ఒకచోట అంచు తనంతట తాను కర్రను అందుకుంటుంది. అక్కడ ఆగండి. చాచా ఒక్క మాటలో చెప్పగలిగి చెప్పనిది ఇదే: ముందు ఆను, తర్వాత కొయ్యి.

ఎస్తేరు ఉలులు

నా చివరి ఏళ్ళ పని ఎల్బీ నగర్‌లో భాస్కరరావు గారి ఫర్నిచర్ షెడ్డులో. ఆయన కోస్తావైపునుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. నేను మానేశాక ఇంకో టర్నరు వచ్చాడు. ఒక దివాన్‌కు నాలుగు కాళ్ళు తిప్పాల్సి ఉండగా మూడు తిప్పి, ఇంటీరియర్ల కంపెనీలో పని దొరికిందని వెళ్ళిపోయాడు. ఆయన ఉలులూ ఆయనతోపాటే వెళ్ళాయి.

అదే షెడ్డులో ఎస్తేరు అనే అమ్మాయి గరుకు కాగితం పట్టే పని చేస్తుంది. ఆమెదీ నల్గొండ వైపు పల్లె. ఇప్పుడు తుర్కయంజాల్‌లో ఉంటోంది. ఏళ్ళ తరబడి నేల మీద కూర్చుని ఇతరులు తిప్పిన కాళ్ళను నున్నగా చేసింది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు ఆ పని మానేయమన్నాడు. మానేస్తే ఇంకేం చేయాలి? ఆమెకు తరిమెన పని కావాలి. పదునైన ఉలితో పొట్టు లేస్తుంది గానీ ఊపిరితిత్తుల్లోకి పోయేంత దుమ్ము ఉండదని చూసి తెలుసుకుంది.

రావు గారితో ఆ మాటే అంది. ఆయన చెప్పాడట: "శనివారం లోపల ఆ నాలుగో కాలు తిప్పి చూపించమ్మా. నాలుగూ ఒకేలా ఉంటే లేత్ నీదే. లేకపోతే దాన్ని అమ్మేసి, మిషన్ మీద చేసిన కాళ్ళు బయటినుంచి తెప్పించుకుంటాను. మళ్ళీ నన్ను అడగొద్దు."

ఆమె మలక్‌పేటలో పాత ఇనుప సామాను దుకాణం నుంచి గోరు ఉలుల కట్ట ఒకటి తెచ్చుకుని మా ఇంటికి వచ్చింది. కట్ట విప్పి నా ముందు పరిచింది. అందులో ఒకటి అప్పటికే నీలంగా మెరుస్తోంది.

"గ్రైండర్ పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన తాతా. మంచిగ రంగొచ్చింది కద?"

"రంగు గాదది, సచ్చిపోయింది! ఎవడు చెప్పిండు నీకు?"

"మీరు చెప్పలే. ఇంకొగడు చెప్పిండు," అంది.

మిగతావాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాను. అన్నిటి అంచులూ ఎడమకు వెనక్కి వాలి ఉన్నాయి. కూర్చున్న మనిషి ఉలులు అవి. ఎవరో తెలియదు, ఏ వీధిలో కూర్చున్నాడో తెలియదు. పిడి మీద బొటనవేలు ఆనిన చోట పల్లం పడింది. అందులో నా వేలు పెడితే మధ్యాహ్నమంతా ఎవరి నీడలోనో కూర్చున్నట్టే ఉంది.

అయినా నా బుద్ధికి తెలిసింది ఒకటే దారి. మర్నాడు షెడ్డుకు వెళ్ళి, ఒక ఉలిని ఆమె నిలబడే తీరుకు తిన్నగా నూరించాను. నూరడం చక్కగా పట్టుకుంది. గరుకు కాగితం పట్టిన చేతులకు ఎంత నొక్కాలో ముందే తెలుసు. కానీ తరిమెన ముందు నిలబడితే కథ మారిపోయింది. ఆ బల్ల పొడుగు మనుషులకు కట్టింది. ఆమె పొట్టి. కాళ్ళకింద పలక వేశాం. మోచేతులు గాలిలో తేలుతున్నాయి. పనికిరాని చెక్కముక్కలను తిప్పించాను. ఒకటి బాగా వచ్చేది, రెండోది పట్టేసేది.

"ఆను బిడ్డా, ముందు ఆను!" అని అరిచేవాణ్ణి.

"ఆనుతనే ఉన్న తాతా. చెయ్యి నిలుస్తలేదు."

అరిచి అరిచి అలిసిపోయి, మధ్యాహ్నం టీ తాగుతూ చాచా కథ చెప్పాను. గోనెసంచి, గోడ గుంట, శుక్రవారం, "ఇగ లే" అన్న మాట, అంతా. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"మీ చాచా మాట మీరు తప్పుగ పట్టుకున్నరు తాతా."

"ఏంది?"

"లే అన్నది మీకు. నాకు గాదు."

నాకు వెంటనే కోపమే వచ్చింది. జీవితమంతా నిలబడి పని చేసినవాణ్ణి. కూర్చుని చేయడం పాత పద్ధతి, దాన్ని దాటి వచ్చామని నాకో గర్వం. ఆమె ఆ గర్వాన్ని పట్టించుకోలేదు. నేను నూరించని పాత ఉలి ఒకటి తీసి, నేల మీద కూర్చుని, ఎడమ మోకాలు లేపి, మోచెయ్యి దాని మీద ఆనించింది. ఉలిని గాలిలో అలా పట్టుకుంది. ఆ చెయ్యి ఇసుమంత కూడా కదల్లేదు.

"నేను నిలబడి ఏం చేసిన తాతా ఇన్నేండ్లు? బియ్యం ఏరినా కూసునే. గరుకు పట్టినా కూసునే. నా చేతికి బలం కూసుంటెనే ఒస్తది."

ఇలాంటి మాట ఏ పుస్తకంలోనూ ఉండదు, ఏ వీడియోలోనూ ఉండదు. బల్లకున్న బోల్టులు విప్పించాను.

శనివారం

తరిమెనను నేల మీద రెండు దిమ్మెల పైన పెట్టి బిగించాం. బెల్టును పెద్ద కప్పీ మీదికి మార్చి వేగం తగ్గించాను. విల్లు లేదు, మోటారే తిప్పుతుంది కాబట్టి ఆమెకు రెండు చేతులూ ఖాళీ. కాలితో అదమాల్సిన పని లేదు, అదమనివ్వను కూడా. చున్నీ నడుముకు చుట్టి దోపమన్నాను. తిరిగే కర్ర దారప్పోగును అందుకున్నా మనిషిని లాక్కుంటుంది. ఈ మాట ఎవరు నవ్వినా చెబుతాను.

పాలిష్ పట్టే కుర్రాళ్ళు చుట్టూ మూగారు.

"ఎస్తేరక్కా, లేత్‌ను పండవెట్టినవేంది?" అన్నాడొకడు.

"నీ లెక్కనే దానికి పొద్దుగాల్నే నిద్రొచ్చింది. జోకొడ్తున్న, లొల్లి చెయ్యకు," అంది.

మొదటి ముక్క తిరిగింది. ఉలి వీపు ఆనింది. పిడి మెల్లగా లేచింది. ఆ కూత వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు కాసేపు మలక్‌పేట, ఎల్బీ నగర్, వయసు, పైన వెళ్ళే రైలు అన్నీ కలిసిపోయాయి. కళ్ళు తెరిచేసరికి ఆమె మోకాళ్ళ నిండా, జుట్టు నిండా పొట్టు ఉంది. ఎవరో తెలియని మనిషి ఉలి, కూర్చుని పట్టడం ఎవరూ నేర్పని చేతిలో ఆడుతోంది. రెండు తరాల మధ్య మాట్లాడుకోవడమనేది ఉంటే అదేననిపించింది.

శనివారం పొద్దున అసలు కాలు మొదలుపెట్టింది. దివాన్‌కు తెచ్చిన టేకులో ఒకే ముక్క మిగిలింది. దానికి తగ్గ రంగు, తగ్గ గీత ఉన్న ఇంకో ముక్క షెడ్డులో లేదు. కింద బంతి వచ్చింది. పైన కుండ వచ్చింది. ఉంగరాలు కూడా వచ్చాయి. ఇక ఉంగరం కింద మెడ ఒక్కటే. అది సన్నబడుతూ వచ్చి పైకి విచ్చుకోవాలి. అక్కడ ఆమె ఊపిరి బిగబట్టడం చూశాను. ఊపిరి బిగబడితే పిడి పైకి లేస్తుంది. నేను నోరు తెరిచేలోపలే ధన్‌మని పట్టేసింది.

కర్ర ఎగరలేదు. కానీ మెడ మీద లోతుగా గాటు పడింది.

ఆమె మోటారు ఆపి ఆ గాటును బొటనవేలితో తడిమింది. మళ్ళీ వేసింది. గాటు పోయేదాకా మెడ చుట్టూ సన్నటి పొరలు తీస్తూనే పోయింది. చివరికి గాటు పోయింది. మెడ కూడా సన్నబడింది. ఎంత అందంగా సన్నబడినా, పక్కనున్న మూడింటితో పోలిస్తే సన్నం సన్నమే. కాలిపర్ పెట్టి చూడాల్సిన పని కూడా లేదు, దూరంనుంచే తెలుస్తోంది. ఇక అంతా అయిపోయిందని నా మనసులో అనుకున్నాను. మళ్ళీ గరుకు కాగితం, మళ్ళీ దగ్గు. ఆమె ముఖంలోకి చూడలేక పొట్టు ఊడ్చే చీపురు అందుకున్నాను.

అప్పుడే రావు గారు వచ్చాడు.

"ఇదేంటండీ నర్సింహ గారూ, మిషన్ని కింద కూర్చోబెట్టేశారు?"

"పని చేసేటోళ్ళు కూసున్నరు సారూ. మిషన్ నిలబడి ఏం చేస్తది?"

ఆయన నవ్వలేదు. నాలుగు కాళ్ళనూ వరసగా నిలబెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏవమ్మా, పని నాజూగ్గానే ఉంది. కాదనను. కానీ తేడా తెలుస్తోంది కదా? నేనేం చెప్పాను, నాలుగూ ఒకేలా ఉండాలన్నానా లేదా?"

"అన్నరు సార్."

"మరి?"

"నాలుగు ఒక్క తీర్గనే ఉంటయ్."

"ఎలా ఉంటాయమ్మా? తీసేసిన కర్రని మళ్ళీ అతికిస్తావా?"

"అతికియ్య సార్. ఆ మూడింట్ల ఎక్కువున్నది తీస్త."

ఆయన అర్థం కానట్టు నావైపు చూశాడు. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్ళ పనిలో చెడిపోయినదాన్ని బాగున్నవాటికి సరిచేయాలనే చూశాను. బాగున్నవాటిని దానికి సరిచేయొచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

"బిడ్డా, అవి మంచిగున్నయి. వాటిని గెలికితే అవి గూడ పోతయ్. మొత్తం దివాన్ పోతది," అన్నాను.

"పోనియ్య తాతా. మెడ తీసుడు ఇప్పుడే నేర్చుకున్న."

రావు గారు వద్దనడానికి చెయ్యెత్తాడు. అప్పటికే మొదటి కాలు మొనల మధ్య బిగిసింది. బాగున్న కాలు, ఇంకొకరు చక్కగా తిప్పిన కాలు, మళ్ళీ నీడయిపోయింది. ఆమె మోచెయ్యి మోకాలి మీద ఆనింది. ఉలి వీపు మెడ మీద ఆనింది. ఈసారి నోటితో చిన్నగా ఏదో పాడుకుంటోంది. చర్చిలో పాడే పాటేమో, మోటారు చప్పుడులో మాటలు వినిపించలేదు. పాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. పొట్టు లేచి ఆమె భుజం మీదుగా వెనక్కి పోతోంది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, పైనున్న స్విచ్చు నొక్కి మోటారు ఆపింది. కాలిపర్ పెట్టి చూసింది. మళ్ళీ లేచి వేసింది, మళ్ళీ కూర్చుంది. రెండో కాలు, మూడో కాలు. రావు గారి ఫోను మోగుతూ మోగుతూ ఆగిపోయింది. ఆయన ఎత్తలేదు.

నాలుగు కాళ్ళూ నిలబెడితే, సన్నటి మెడలతో నలుగురు అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. ఆయన వాటి చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, ఒకదాన్ని తీసి ఇంకోచోట పెట్టాడు, మళ్ళీ మార్చాడు. చివరికి ఏది ఎక్కడిదో తనకే తెలియక ఆగిపోయాడు. ఎస్తేరు నేల మీదే ఉంది. ఒడిలో పొట్టు, చేతిలో ఉలి, కళ్ళు ఆయన నోటి మీద.

ఆయన గోడ మీది స్విచ్చువైపు చూశాడు, నేల మీదున్న ఆమెవైపు చూశాడు. తర్వాత పాలిష్ కుర్రాణ్ణి పిలిచాడు.

"ఒరే, ఎలక్ట్రీషియన్ని రమ్మను. ఆ స్విచ్చు అంత పైనెందుకూ? ఆ అమ్మాయి కూర్చున్నచోట చేతికందేట్టు కిందికి దింపించు."